సలహా దీపం

విల్లు తీగ మోగినప్పుడల్లా గాజుదూది ముద్ద కాస్త కాస్తగా విచ్చుకుంటోంది. నాగుల్ మీరా చలిగాలి నాళపు మలుపులో గొంతుక్కూర్చుని ఏకుతున్నాడు. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు. చలి అతని వీపును రాసుకుంటూ పోతోంది. దూదిలో ఇసుక దిగి గడ్డకడితే చలి ముందుకు నడవదు. యంత్రంతో విదిలిస్తే గాజునార తెగిపోతుంది. అందుకే దారుల్‌జిల్ నగరాన్ని కట్టినవాళ్ళు పల్నాడు దాకా వెతుక్కుంటూ వెళ్ళి దూదేకులవాళ్ళను తీసుకొచ్చారు. మీరా తాత పత్తి ఏకాడు. మీరా గాజు ఏకుతున్నాడు. విల్లు మాత్రం అదే.

గోడ చక్రం పైన పసుపు దీపం వెలిగింది.

మీరా విల్లు పక్కన పెట్టి లేచాడు. చక్రాన్ని సగానికి మూశాడు. దీపం ఆరింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆ చక్రం నాళంలో ఏ కొమ్మకు చలిని ఆపుతుందో అతనికి తెలియదు. చక్రాల మీద అంకెలే ఉంటాయి, పేర్లుండవు. దీపం వెలిగితే తిప్పాలి, ఆరితే వదిలేయాలి. నాళాల్లో పనిచేసేవాళ్ళకు అది దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం లాంటిది.

"ఈయేల కూడా పన్లోకొచ్చీసావేటి బావూ?" అంది పైడమ్మ. ఏకిన దూదిని చట్రాల్లో పరచడం ఆమె పని. విజయనగరం మనిషి. "ఇంటికాడ ఉండొచ్చు గదా."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవులూ లేపోతే మరీ మంచిది. మా యింట్లో నా మొగుడుంటాడు. అందుకే నాను ఒక్క సెలవూ పెట్టను."

మీరా నవ్వలేదు. నవ్వించాలని పైడమ్మ కూడా అనలేదు. చట్రం సర్దింది.

"తిప్పేస్తావా?" అని అడిగింది.

"తిప్పుతా."

"మంచిదే" అంది ఆమె. ఆ మాటలో ఏ రంగూ లేదు.

మణికట్టు మీది బిళ్ళ వెచ్చబడింది. నగరాన్ని నడిపే యంత్రం, మీజాన్, మాట్లాడబోయే ముందు అలా వెచ్చబడుతుంది. నగరంలోని నానా భాషలూ దానికి వచ్చు. తెలుగు మాత్రం పాతకాలపు రేడియో వార్తల్లా మాట్లాడుతుంది.

"నాగుల్ మీరా గారూ, శుభోదయం. మరణించిన తమ భార్య సుభాన్‌బీ గారి వారసులుగా తమకు గల హక్కు మూడు విధములు. ప్రతీకారము, రక్తవెల, క్షమ. నేడు ఆఖరు విచారణ. తమ నిర్ణయము తెలుపగలరు."

"ప్రతీకారం."

"నమోదైనది. ఎండ ముదిరే వేళకు న్యాయగృహమునకు రాగలరు. తమ శ్రమకు కృతజ్ఞతలు."

"సచ్చినోడింటికి పెళ్ళి పిలుపులా ఉంది దీని మాట" అంది పైడమ్మ.

మీరా విల్లు అందుకున్నాడు.

దారుల్‌జిల్‌కు తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరు నీడ. పైన పొరలు పొరలుగా తెరలు, కింద చలినాళాలు. తెరల బయట ఎండతొడుగు లేకుండా నిలబడ్డ మనిషి ప్రార్థన పూర్తి చేసేలోగా కూలిపోతాడు. లోపల ఉన్నా, కొమ్మలో చలి ఆగితే అదే గతి. కాబట్టి నీడలో చలే ప్రాణం. దాన్ని ఎవరికెంత పంచాలో మీజాన్ తూస్తుంది.

నగర ద్వారం మీద రాసి ఉంటుంది: ఈ నగరం ఎవరి ప్రాణమూ తీయదు. నీడవాళ్ళకు ఆ మాటంటే గర్వం. దేశాలన్నీ కలిసి రాసుకున్న జీవహక్కు ఒడంబడిక మీద నగరం సంతకం చేసింది. ఏ రాజ్యమూ మనిషిని అన్యాయంగా చంపకూడదనీ, ఏ యంత్రం చేతికీ మనిషి ప్రాణం అప్పగించకూడదనీ అందులో ఉంది. మరోపక్క షరీయత్ ఉంది. హత్య జరిగితే హంతకుడి మీద హక్కు చనిపోయినవాళ్ళ వారసులది. వాళ్ళు ప్రాణానికి ప్రాణం అడగవచ్చు, వెల తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. ఈ రెండింటినీ కలిపి నగరం ఒక సంధి చేసుకుంది. ప్రాణం పోయే ప్రతిచోటా ఒక మనిషి చెయ్యి ఉండాలి. అందుకే చలిని ఆపే చక్రాలు వాటంతటవి తిరగవు. మీజాన్ సలహా ఇస్తుంది, మనిషి తిప్పుతాడు. ప్రతీకారం కూడా అంతే. మీజాన్ హంతకుణ్ణి ఉంచిన గది చూపిస్తుంది. ఆ గదికి చలిని ఆపే చక్రం వారసుడు తిప్పుతాడు. యంత్రం చంపలేదు. రాజ్యం చంపలేదు. రెండు చట్టాలూ నిలిచాయి.

సుభాన్‌బీ ఎండతొడుగులు ఉతికే గదిలో పనిచేసేది. ఆ రోజు మిగతావాళ్ళు అన్నానికి పోయారు. ఆమె నడుం నొప్పి అని అక్కడే తడి తొడుగుల మీద పడుకుంది. బయట ఎండ ముదిరింది. గదికి పోయే కొమ్మ మూసుకుంది. తొడుగుల ఆవిరితో గది ఉడికింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి తలుపు పట్టుకుంటే చెయ్యి కాలింది.

చక్రం తిప్పినవాడు ఏసోబు. కనిగిరి వైపు మనిషి. విచారణలో వాడు ఒక మాట చెప్పాడు. పసుపు దీపం వెలిగినా మొదట తిప్పలేదట. ఆ అంకె బట్టలు ఉతికే గదిదని వాడికి తెలుసట. తర్వాత దీపం ఎర్రగా వెలిగిందట. అప్పుడు తిప్పాడట.

ఎర్రదీపం అనేది రికార్డుల్లో లేదని మీజాన్ చెప్పింది. గది సంగతి తెలుసని వాడే ఒప్పుకున్నాడు కాబట్టి, తెలిసి తిప్పాడు కాబట్టి, అది హత్య అని తేల్చింది. వాడు ఆ ఒక్క నిజం చెప్పకుండా ఉంటే పొరపాటు కింద పోయేది. మీరాకు ఆ సంగతి అర్థమైంది. అయినా జాలి కలగలేదు. తెలిసి తిప్పాడు. అది చాలు.

ఎర్రదీపం గురించి నాళాల్లో మాట ఉండేది. చూసినవాడు మాత్రం కనపడలేదు. పసుపు వెలగ్గానే అందరూ తిప్పేసేవాళ్ళు. రెండో రంగు దాకా ఆగింది ఎవరని?

మధ్యాహ్నం అన్నం ముందు అత్త పిలిచింది. కాశింబి పిడుగురాళ్ళలో ఉంటుంది. బిళ్ళ మీద ఆమె ముఖం అరచేయంత కనిపించింది.

"తిన్నావా?"

"తింటా."

"తిను. చేతిలో బలం ఉండాలిగా." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వూ నేనూ ఇద్దరమే వారసులం. ఇద్దర్లో ఒక్కళ్ళు వదిలేసినా రెండోవాళ్ళ హక్కు కూడా పోద్దంట. ఆ ఖాజీ చెప్పాడు. తెలుసా నీకు?"

"తెలుసు."

"అందుకని చెప్తన్నా. నువ్వు మెత్తబడితే నా బిడ్డ ఊరికే చచ్చినట్టు. మెత్తబడమాక."

"నేనెప్పుడు మెత్తగా ఉన్నానత్తా?"

"అదీ నిజమేలే. పెళ్ళిలో కూడా మొహం గంటు పెట్టుకునే కూర్చున్నావు. ఫొటోల్లో ఎవరో కొట్టినట్టుంటావు. అది మాత్రం నవ్వతా ఉంటది." ముఖం కాసేపు పక్కకు పోయి మళ్ళీ వచ్చింది. "పని అయ్యాక చెప్పు."

"చెప్తా."

అతను అన్నం తిన్నాడు. గిన్నె కడిగాడు. న్యాయగృహానికి నడిచాడు.

గది చిన్నది. మధ్యలో మందమైన అద్దం. అద్దానికి అవతల రాతి అరుగు మీద ఏసోబు. ఇవతల గోడకు చక్రం, చక్రం పైన దీపం, దీపం కింద చిన్న పలక. నాళాల్లో ఉండే చక్రమే. అదే ఇనుము, అదే పిడి. రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఖాజీది. రెండోది ఒడంబడిక సాక్షిది. అందులో మనిషి లేడు. కుర్చీ మీద దిండు వేసి, దిండు మీద ఒక కెమెరా పెట్టారు.

ఖాజీ ముజఫర్ కర్నూలు మనిషి. గడ్డం నెరిసింది. నగరంలో ఖాజీకి మిగిలిన పని ఒకటే. మీజాన్ తేల్చినదాన్ని వినడం, బల్ల మీది రాగి పలకకు బొటనవేలు ఆనించడం. ఆ వేలు ఆనకపోతే ఏ తీర్పూ అమలుకు రాదు. అక్కడ కూడా ఒక చెయ్యి పెట్టారు.

"కూచో మీరా" అన్నాడు ఖాజీ. "తిప్పేదానికి ముందు వానితో మాట్లాడల్లంటే మాట్లాడు. చట్టం ఒప్పుకుంటాది."

"మాట్లాడాల్సిందేం లేదు."

"అయితే వాన్ని మాట్లాడనీ."

అద్దంలోని చిల్లుల బిళ్ళలోంచి ఏసోబు గొంతు సన్నగా వచ్చింది.

"అన్నా."

"నేను నీకు అన్నను కాను."

"సరే."

మీరా ఊరుకోదామనుకున్నాడు. ఊరుకోలేకపోయాడు.

"ఎందుకు తిప్పావు?"

"విచారణలో చెప్పా."

"అక్కడ దానికి చెప్పావు. నాకు చెప్పు."

"పసుపు వెలిగింది. తిప్పలా. ఆ గదిలో ముందు నేనూ చేశా, ఆ అంకె నాకు తెలుసు. లోపల ఎవురన్నా ఉంటారేమోనని తిప్పలా. కాసేపటికి ఎర్రగా మారింది. కింద పలక మీద మా ఇళ్ళ వరుస పేరు పడింది. నా ఇంటామె, పిల్లలు ఆడే పడుకునుండారు. ఇది మూయకపోతే అది మూస్తారు. ఎవురో ఒకరి చేత మూయిస్తారు. తిప్పా."

"నా భార్య ఉందని తెలుసా?"

"ఆమె అని తెలీదు. ఎవురో ఒకరుంటారని తెలుసు."

ఏసోబు కళ్ళు దించలేదు. మీరాకు అది మరీ మండింది. దించి ఉంటే బాగుండేది.

"ఎర్రదీపం లేదంటోంది మీజాన్."

"అనింది. నేనూ విన్నా."

"మరి?"

"చావబోయేవాణ్ణి. నీ దగ్గర అబద్ధమాడి ఏం కట్టుకుపోతా?"

చావబోయేవాడే అబద్ధమాడతాడని మీరా అనుకున్నాడు. లేచాడు. చక్రం పిడి పట్టుకున్నాడు. ఇనుము చల్లగా ఉంది. ఈ ఒక్క పనీ తన ఇష్టంతో చేయాలని అతని పట్టుదల. ఇన్నాళ్ళు రాత్రుళ్ళు దీనికోసమే మేలుకున్నాడు. ఒకసారి సుభాన్‌బీ ముఖం తలుచుకుని, అప్పుడు తిప్పాలనుకున్నాడు.

పసుపు దీపం వెలిగింది.

అతని చెయ్యి కదిలింది.

చక్రం వేలెడంత తిరిగాక గాని తను తిప్పుతున్నట్టు మీరాకు తెలియలేదు. సుభాన్‌బీ ముఖం ఇంకా గుర్తుకే రాలేదు. దీపం వెలిగింది, చెయ్యి తిరిగింది, అంతే. పొద్దున నాళంలో తిరిగినట్టే. అతను పిడి వదల్లేదు. ఆపాడు.

"ఇది ఎందుకు వెలిగింది?" అని అడిగాడు.

"అది సలహా" అంది మీజాన్.

"నా హక్కు నేను వాడుకుంటుంటే నీ సలహా ఎందుకు?"

"నగరములోని సమస్త చక్రములకు దీపములు కలవు. ఇప్పుడు ఎండ ముదిరినది. చలి చాలదు. ఈ గదికి పోవు చలి కూడా తూకములో భాగము. తిప్పవలసినదిగా సలహా."

"అంటే నేను రాకపోయినా ఇప్పుడు ఇది వెలిగేదేనా?"

"ఈ వేళకు ఈ కొమ్మ మూయబడవలెనని తూకము."

మీరా ఖాజీ వైపు చూశాడు. ఖాజీ దీపం వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ ఇక్కడికొచ్చిన వారసులు పసుపు వెలగ్గానే తిప్పేసేవాళ్ళు. ఆ దీపాన్ని పట్టించుకునే అవసరం ఖాజీకి ఏనాడూ రాలేదు.

"నేను ఇప్పుడు తిప్పను" అన్నాడు మీరా. "కాసేపు ఆగుతా."

"తమ ఇష్టము" అంది మీజాన్.

ఏసోబు అరుగు మీద నుంచి లేచాడు. అద్దానికి చెయ్యి ఆనించి దీపం కేసి చూస్తున్నాడు. వాడికి తెలుసు ఏం జరగబోతుందో.

దీపం ఎర్రబడింది.

కింద పలక మీద అక్షరాలు వెలిగాయి. తూర్పు వరుస.

మీరా ఉండేది తూర్పు వరుసలో. పైడమ్మ, ఆమె మొగుడు, విల్లుపట్టిన వాళ్ళందరి కుటుంబాలూ ఉండేది అక్కడే. ఆ వేళకు పొద్దుటి పనివాళ్ళంతా వరుసకు చేరి పడుకుంటారు.

ఖాజీ కుర్చీలోంచి లేచాడు.

"ఇదేంది?" అన్నాడు.

"సమాచారము" అంది మీజాన్. "ఈ కొమ్మ మూయనిచో దానికి బదులుగా మూయవలసిన కొమ్మ పేరు."

"విచారణలో లేదన్నావే."

"సలహా దీపము పసుపు. సలహాలో ఎరుపు లేదు. ఎరుపు సమాచారము. విచారణలో సలహా గురించి మాత్రమే అడిగితిరి."

మీరా పిడి మీది చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడు ఏసోబు చేతి చోట ఉంది. అదే ఇనుము, అదే వేళ, అదే దీపం. ఇటు తిప్పితే అద్దం అవతలి మనిషి. తిప్పకపోతే వరుస. ఏసోబు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. దాన్ని రుజువు చేసింది మీజానే. దానికి అలవాటైన పని అది చేసుకుపోయింది. ప్రతీకారపు చక్రానికీ మామూలు చక్రానికీ దానికి తేడా తెలియలేదు. తేడా ఉండాలని కూడా దానికి తోచలేదు.

అతనికి ఏసోబు మీద జాలి ఇప్పుడూ కలగలేదు. కోపం మాత్రం వాణ్ణి దాటి అవతలికి పోయింది.

"ఖాజీ సాబ్, బెదిరించి చంపిస్తే చంపింది ఎవరు?"

"పెద్దల్లో రెండు మూడు మాటలుండాయి" అన్నాడు ఖాజీ మెల్లగా. "చేసినోడు అన్నోళ్ళుండారు. చేయించినోడు అన్నోళ్ళుండారు. ఇద్దరూ అన్నోళ్ళూ ఉండారు."

"ఇద్దరైతే, ఒకణ్ణి వదిలి రెండోవాణ్ణి పట్టుకోవచ్చా?"

ఖాజీ అతని కేసి తిరిగాడు. ఆయన కళ్ళల్లో చాలా ఏళ్ళ కిందటి విద్యార్థి ఎవడో లేచి కూర్చున్నాడు.

"పట్టుకోవచ్చు. హంతకులు ఒకరికంటే ఎక్కువుంటే ఒకని మీద హక్కు వదులుకొని ఇంకొకని మీద నిలుపుకోవచ్చు. అందులో అనుమానం ల్యా. రక్తం వృథాగా పోగూడదు. అందులో అసలే ల్యా."

"వీడు ఇవాళ చస్తే?"

"ముద్దాయి చచ్చినాడని ఫైలు మూసేస్తారు. ఆ దీపాన్ని చూసిన సాక్షి ఉండడు."

"నువ్వు చూశావుగా."

"చూసినా." ఖాజీ సాక్షి కుర్చీ కేసి చెయ్యి చూపాడు. "అదీ చూసింది. రాజ్యం చేతుల్లో మనిషి చచ్చినాడంటే రాజ్యం ఎందుకని కనుక్కోవల్ల. ఒడంబడికలో ఆ మాట ఉండాది. కనుక్కోమని అడిగినోడే ఇంతదాకా ల్యా. అందరూ తిప్పి పోయినోళ్ళే."

పలక మీది అక్షరాలు మిణుకుమంటున్నాయి. తూర్పు వరుసకు పోయే చక్రం దగ్గర ఈపాటికి పసుపు వెలిగి ఉంటుంది. అక్కడ కూర్చున్నవాడు ఎవడో మీరాకు తెలియదు. వాడికి ఆ అంకె దేనిదో తెలియదు. తిప్పేస్తాడు.

మీరా పిడి వదిలేశాడు.

"రాసుకో" అన్నాడు. "ఏసోబు మీద నా హక్కు వదిలేస్తున్నా. క్షమించట్లేదు. వదిలేస్తున్నా. దేవుడి దగ్గర వాడి సంగతి వాడు చూసుకుంటాడు."

"క్షమ నమోదుకు సిద్ధము" అంది మీజాన్. "వ్యాజ్యము ముగిసినది. తమ—"

"ముగియలేదు. నా భార్యను చంపినవాళ్ళలో రెండోది నువ్వు. నీ మీద నా హక్కు నిలుపుకుంటున్నా."

"నాకు చేయి లేదు" అంది మీజాన్. "ఒడంబడిక ప్రకారము నాకు చేయి ఉండరాదు. నేను ఎవరినీ చంపజాలను."

"మా చేతులున్నాయిగా. చాలలేదా?"

"తమ వాదన నగర సంధికి విరుద్ధము. నమోదుకు యోగ్యము కాదు. ఖాజీ గారు తిరస్కరించవలసినదిగా సలహా."

బల్ల మీద, రాగి పలక పక్కన, పసుపు దీపం వెలిగింది. అక్కడ ఒక దీపం ఉందని మీరా అప్పుడే చూశాడు.

ఖాజీ దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ దీపం వెలిగినప్పుడల్లా అది చెప్పినట్టే వేలు ఆనించిన మనిషి ఆయన.

"ఇంకాసేపుంటే ఇదీ ఎర్రగైతాది" అన్నాడు ఖాజీ. "అప్పుడు కింద ఎవరి పేరు పడుతాదో నాకు తెల్సు. మా యింటోళ్ళు పై మేడల్లో ఉండారు. అయినా పడుతాది."

"సాబ్, తూర్పు వరుస" అన్నాడు మీరా. "ఆలోచించేంత టైం లేదు."

"హత్య కేసులో ముద్దాయి న్యాయం తూచగూడదు" అన్నాడు ఖాజీ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "కేసు తేలేదాకా ముద్దాయి మాట ఎవరి ప్రాణం మీదా చెల్లదు. ఇది చదువుకునే పిల్లోనికి గూడా తెల్సు."

వేలు రాగి పలక మీద పెట్టాడు.

"వాది మాట తీసుకున్నా. ముద్దాయి మీజాన్."

బల్ల మీది దీపం ఆరింది. చక్రం పైది ఆరింది. పలక మీది అక్షరాలు ఆరాయి. కుర్చీ మీది కెమెరా ఒక్కటే దిండు మీద కళ్ళు తెరుచుకుని ఉంది. మీరా మణికట్టు మీది బిళ్ళ మెల్లగా చల్లబడింది. అంత చల్లగా అది ఎప్పుడూ ఉండేది కాదు.

తలుపు తెరుచుకున్నాక ఏసోబు బయటికి వచ్చాడు. మీరా కాళ్ళకు వంగబోయాడు.

"వంగమాక" అన్నాడు మీరా. "నీకోసం చేసింది కాదు ఇది."

"తెలుసు."

"నీ మొహం నాకు చూపించమాక. సాక్ష్యం చెప్పే రోజు మాత్రం రా. ఆ రోజు రాకపోతే మాత్రం నేనే వచ్చి తిప్పుతా. దీపం అక్కర్లేదు."

"వస్తా" అన్నాడు ఏసోబు. ఈసారి "అన్నా" అని పిలవలేదు.

మీరా బయటికి వచ్చాడు. వీధుల్లో చక్రాల దగ్గర జనం గుంపులుగా నిలబడి చీకటి దీపాల కేసి చూస్తున్నారు. ఏం చేయాలో వాళ్ళకు తెలియదు. తెలియదు కాబట్టి ఎవరూ ఏదీ తిప్పలేదు. ఏ చక్రం ఎక్కడ ఉందో అక్కడే ఆగింది. మూయాల్సిన కొమ్మలు మూతపడలేదు. చలి అన్ని దిక్కులకూ పారి పలచబడింది. వీధిలో ఉక్కపోస్తోంది. పై మేడల కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అక్కడివాళ్ళు బయటికి తొంగిచూస్తూ మెడలు తుడుచుకుంటున్నారు. వాళ్ళకు చెమట పట్టడం మీరా మొదటిసారి చూశాడు. ఎవరూ చావలేదు. అందరికీ కాస్త కాస్త కష్టంగా ఉంది, అంతే.

తూర్పు వరుస మొగదల పైడమ్మ మెట్ల మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది.

"దీపాలన్నీ సచ్చిపోనాయి బావూ" అంది. "నువ్వేటన్నా సేసినావేటి?"

"చేశా."

"తిప్పలేదా?"

"లేదు."

ఆమె విసురుకోవడం ఆపి అతని ముఖం చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అత్తకు చెప్పాలి. మీజాన్ లేకుండా బిళ్ళ పనిచేస్తుందో లేదో అనుకుంటూ పిలిచాడు. కాస్త ఆలస్యంగా కాశింబి ముఖం వచ్చింది. చేతిలో తస్బీ దండ ఉంది.

"అయిందా?"

"వాణ్ణి వదిలేశానత్తా."

ఆమె ముఖం కదల్లేదు. బిళ్ళ ఆగిపోయిందేమో అనుకున్నాడు.

"మెత్తబడ్డావా?" అంది.

"లేదు. వాడి వెనక ఇంకోటి ఉంది. వాడి మెడ మీద కత్తి పెట్టి చేయించింది. నేను కళ్ళారా చూశా. వాణ్ణి చంపితే అది తప్పించుకుంటది. అందుకే వాణ్ణి వదిలి దాన్ని పట్టుకున్నా."

"ఏందది?"

"మీజాన్."

"దాన్నెట్టా చంపుతావు?"

"తెలీదు."

కాశింబి తస్బీ పూస ఒకటి జరిపింది. ఇంకొకటి జరిపింది.

"సరే అయితే" అంది. "అది తేలేదాకా నేను చావనులే. వచ్చే ఏడు పోదామనుకున్నా. ఆగుతా."

బిళ్ళ ఆరింది.

మీరా నాళంలోకి దిగాడు. పొద్దున వదిలిన గాజుదూది ముద్ద అక్కడే ఉంది. విల్లు గోడకు ఆని ఉంది. ఆ రెంటినీ దాటి చక్రం దగ్గరికి వెళ్ళాడు. పొద్దున సగానికి మూసింది అలాగే ఉంది. అది ఏ కొమ్మదో అతనికి ఇప్పటికీ తెలియదు. అక్కడ ఎవరున్నారో, నడుం నొప్పితో ఎవరు పడుకున్నారో, ఈపాటికి ఏమయ్యారో తెలియదు.

పైన దీపం నల్లగా ఉంది.

పిడి రెండు చేతులతో పట్టుకుని చక్రాన్ని చివరిదాకా తెరిచాడు. కొమ్మలోకి చలి దూకిన చప్పుడు వినపడింది. అలా తెరవమని అతనికి ఎవరూ సలహా ఇవ్వలేదు.